పత్రికకు ముందు పాఠకుడు
(గాజువాకలో ఒక సంగీత పత్రిక కొరకు శ్రోతల పరిశీలనా ప్రణాళిక)

“ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము” అను సామెత మా విషయములో అక్షరాల నిజమైనది. గాజువాక ప్రాంతము కొరకు ఒక సంగీత త్రైమాసిక పత్రికను ప్రారంభింపవలెనని మేము కొందరము విద్యార్థులము సంకల్పించినప్పుడు, మొదటి సమావేశమంతయు పత్రికకు పేరు పెట్టుటలోనే గడచిపోయినది. ఒకరు రాగము పేరు చెప్పినారు. ఒకరు వాద్యము పేరు చెప్పినారు. ఉర్దూ విభాగపు మిత్రులు పేరులో ఒక ఉర్దూ మాట ఉండి తీరవలెనని పట్టుబట్టినారు. ముఖచిత్రము రంగులలో ఉండవలెనా అను చర్చ రెండవ సమావేశమును మ్రింగివేసినది. మూడవ సమావేశములో మా మిత్రురాలు ఒకామె ఒక చిన్న ప్రశ్న వేసినది: “దీనిని చదివెడివారు ఎవరు?” మేమెవ్వరము వెంటనే జవాబు చెప్పలేకపోయినాము.

ఆ మౌనమునుండి పుట్టినదే ఈ వ్యాసము. మాలో కొందరికి ఇంతకు ముందే ఒక చేదు అనుభవము కలదు. ఒక చేతివ్రాత సంగీత పత్రికను ఎంతో శ్రమపడి నడిపి, కొద్ది సంచికలకే ఆపివేసినాము. చూచినవారందరు మెచ్చుకొన్నారు, చదివినవారు మాత్రము వ్రాసినవారే. ఈసారి కళాశాల కమిటీవారి ధనమును, అనగా తోటి విద్యార్థుల తల్లిదండ్రుల ధనమును, అడుగబోవుచున్నాము. కావున అచ్చుకు పోవుటకు ముందు శ్రోతలను, పాఠకులను పరిశీలించుట మా విధి యని భావించి, ఆ పరిశీలన ఏ విధముగా జరుపదలచినామో ఇచ్చట వివరించుచున్నాము.

శ్రోత వేరు, పాఠకుడు వేరు

గాజువాకలో పాట వినని ఇల్లు లేదు. ఆటోలో పాట, పెండ్లి పందిరిలో పాట, వినాయక చవితి మండపములో పాట, ఉరుసు రాత్రి ఖవ్వాలీ, ఆదివారము చర్చిలో కీర్తన; ఇక జేబులోని సెల్‌ఫోనులో లేని పాటయే లేదు. ఇది చూచి “ఇంతమంది శ్రోతలుండగా మన పత్రికకు కొదువ ఏమి?” అనుకొనుట సహజము. కాని పాట చెవికి ఉచితముగా వచ్చును. పత్రికకు డబ్బు ఈయవలెను, తీరికగా కూర్చుండవలెను, అక్షరము రావలెను.

దీనిని మూడు వలయములుగా ఊహింపవచ్చును. వెలుపలి వలయము పాట వినువారిది. దాని లోపల, పాటను గూర్చి ఏదో ఒకటి తెలిసికొనగోరువారి వలయము: ఇది ఏ రాగము, ఎవరు వ్రాసినారు, నా బిడ్డకు ఎక్కడ నేర్పింతును, హార్మోనియము ఎవరు బాగుచేయుదురు అని అడుగువారు. అన్నిటికంటె లోపలిది, ఆ కోరికను అచ్చులో చదివి, అందుకు కొంత వెల చెల్లింపగలవారి వలయము. మేము కొలువవలసినది ఈ మూడవదానిని.

సంగీత పత్రికల చరిత్ర చూచినను ఇదియే తెలియుచున్నది. 1923లో లండనులో నవలాకారుడు కాంప్టన్ మెకంజీ స్థాపించిన ‘గ్రామఫోన్’ పత్రికకు రికార్డులు కొనువాడు పాఠకుడు. ఏ రికార్డు మంచిదో తెలుపువారు అతనికి కావలసియుండెను. 1935లో హాథ్‌రస్‌నుండి వెలువడిన హిందీ పత్రిక ‘సంగీత్’కు నేర్చుకొనువాడు పాఠకుడు, అతనికి స్వరలిపి కావలెను. 1983లో మద్రాసులో ఎన్. పట్టాభిరామన్ ప్రారంభించిన ‘శ్రుతి’కి కచేరీలకు, నాట్య ప్రదర్శనలకు పోవు రసికుడు పాఠకుడు. మన తెలుగులో 2001లో హైదరాబాదునుండి వరప్రసాదరెడ్డిగారి ప్రోత్సాహముతో వెలువడిన ‘హాసం’ హాస్యమును, సంగీతమును ఒక్క గొడుగు క్రిందికి తెచ్చినది. అది కొద్ది సంవత్సరములే నడిచినను, దాని పేరిట ఏర్పడిన హాసం క్లబ్బులు పత్రిక ఆగిన తరువాతను కొనసాగినవి. అనగా పాఠకులు ఒకరినొకరు గుర్తించి కలిసికొన్నారన్నమాట. ఈ నాలుగింటికి విషయము సంగీతమే. పాఠకుడు మాత్రము ఒక్కడు కాడు. మా పాఠకుడు ఎవరో మేమింకను చూడలేదు.

ఉత్తరములు చెప్పిన పాఠము

శ్రోతల అభిరుచిని పట్టించుకొనకున్న ఏమగునో మన దేశపు రేడియో చరిత్రయే చెప్పును. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖకు మంత్రియైన తరువాత ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు బాగా తగ్గిపోయినది. శాస్త్రీయ సంగీతమును పెంపొందింపవలెనను ఉద్దేశము గొప్పదే. కాని శ్రోతలు తమ రేడియో ముల్లును సిలోను వైపు త్రిప్పినారు. అదే సంవత్సరము డిసెంబరులో రేడియో సిలోనులో అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ను ప్రారంభించినారు. చివరకు 1957 అక్టోబరు 3న ఆకాశవాణియే ‘వివిధ భారతి’ని నెలకొల్పవలసి వచ్చినది.

గీత్‌మాలాకు కుప్పలుగా ఉత్తరములు వచ్చెడివి. అయితే ఉత్తరములను లెక్కించినంత మాత్రమున దేశమంతటి అభిరుచి తెలియునా? ఝుమ్రీ తలైయా అను అభ్రకపు గనుల పట్టణము పేరు మన తాతలనాటి రేడియో శ్రోతలందరికి సుపరిచితము. నేడు ఝార్ఖండ్‌లో ఉన్న ఆ చిన్న ఊరినుండి పాటల కోరికలు అంత విరివిగా వచ్చెడివి. ఆ ఊరివారికి సంగీతము మిగిలిన దేశముకంటె ఎక్కువ ఇష్టమని చెప్పలేము. వారికి ఉత్తరము వ్రాయుట యందు ఎక్కువ ఉత్సాహమని మాత్రమే చెప్పగలము. గీత్‌మాలా వారు కేవలము ఉత్తరములపై ఆధారపడక, రికార్డుల దుకాణముల అమ్మకములను, శ్రోతల సంఘముల అభిప్రాయములను కూడ చేర్చుకొన్నారు. దుకాణములో రికార్డులు అయిపోయిన వారము ఆ పాట అమ్మకము పడిపోవును గదా! ఒక కొలతలోని లోపమును మరియొక కొలతతో సరిదిద్దుకొనుట వివేకము.

ఇంతకంటె పెద్ద గుణపాఠము అమెరికాలో 1936లో జరిగినది. ‘లిటరరీ డైజెస్ట్’ అను పత్రిక అధ్యక్ష ఎన్నికల ఫలితమును ముందుగా చెప్పుటకు సుమారు కోటి మందికి పత్రములు పంపినది. 20 లక్షలకు పైగా జవాబులు వచ్చినవి. లాండన్ గెలుచునని ఆ పత్రిక చాటినది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రములలో 46 గెలుచుకొన్నాడు. కారణమేమి? చిరునామాలను ఎక్కువగా టెలిఫోను జాబితాలనుండి, కారుల నమోదు పుస్తకములనుండి తీసికొన్నారు. ఆ కరవు రోజులలో టెలిఫోను, కారు ఉన్నవారు కలవారు. పైగా జవాబు పంపినవారు తమంతట తాము ముందుకు వచ్చినవారు. అదే ఎన్నికలో జార్జి గాలప్ చాల చిన్న నమూనాతో గెలుపెవరిదో సరిగా చెప్పగలిగినాడు. ఎందరిని అడిగితిమి అనునదానికంటె ఎవరిని అడిగితిమి అనునది ముఖ్యము.

మా కళాశాల ద్వారమువద్ద ఒక పెట్టె పెట్టి “మీ అభిప్రాయము వేయుడు” అని వ్రాసినను, వాట్సాప్‌లో ఒక ప్రశ్నావళి పంపినను మాకు దొరకునది మరియొక ఝుమ్రీ తలైయా మాత్రమే.

మెతుకు పట్టి చూచుట

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండ అంతయు తిననక్కరలేదు. ఒక మెతుకు పట్టి చూచిన చాలునని మన ఇండ్లలో అమ్మమ్మలు చెప్పుదురు. నమూనా పరిశీలన యొక్క సారమంతయు ఈ మాటలోనే కలదు. కాని కుండను ముందుగా గరిటెతో కలియబెట్టవలెను. కలియబెట్టనిచో పై మెతుకు ఒక కథ చెప్పును, అడుగు మెతుకు మరియొక కథ చెప్పును.

గణితము చెప్పునది ఇది. సరిగా కలియబెట్టి 100 మందిని అడిగినచో, వచ్చిన శాతము నిజమునకు సుమారు 10 అటో ఇటో ఉండవచ్చును. 400 మందిని అడిగినచో ఆ తేడా 5కు తగ్గును. 1,600 మందిని అడిగినచో రెండున్నరకు తగ్గును. పొరపాటును సగము చేయవలెనన్న నమూనాను నాలుగింతలు చేయవలెనన్నమాట. ఊరు చిన్నదైనను పెద్దదైనను ఈ లెక్క దాదాపుగా మారదు. మా శక్తికి, మా అవసరమునకు 400 ఇండ్లు తగినవని నిర్ణయించుకొన్నాము.

అయితే ఒక చిక్కు కలదు. ఉదాహరణకు, ఒక ప్రాంతములో పది ఇండ్లకు ఒక ఇల్లు ఉర్దూ మాటలాడునదని అనుకొందము. 400 ఇండ్లలో అట్టివి 40 మాత్రమే వచ్చును. 40 జవాబులలో తేడా 15 శాతమునకు మించును. దానిపై ఆధారపడి ఉర్దూ పుటలను గూర్చి నిర్ణయము చేయుట గ్రుడ్డెద్దు చేలో పడినట్లే. అందుచేత ఆ వీథులలో 40కి బదులు 100 ఇండ్లు అడుగవలెను. మొత్తము లెక్క కట్టునప్పుడు మాత్రము ఆ నూరింటిని మరల 40గానే గణింపవలెను. ఇట్లు చేసినచో చిన్న సమూహము గొంతు వినబడును, పెద్ద సమూహమునకు అన్యాయమును జరుగదు.

గాజువాకను కలియబెట్టుట

ఇక కుండ ఎట్టిదో చూతము. గాజువాక ఒక్క ఊరు కాదు. 1941లో శంకుస్థాపన జరిగిన నౌకానిర్మాణ కేంద్రము, 1966లో ఏర్పడిన బి.హెచ్.పి.వి., 1971లో పునాదిరాయి పడి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము ఈ ప్రాంతమునకు దేశము నలుమూలలనుండి కుటుంబములను రప్పించినవి. ఉక్కునగరము క్వార్టర్లలో ఒడియా, బెంగాలీ, హిందీ, మలయాళ, తమిళ గృహములు తెలుగు గృహముల ప్రక్కనే ఉన్నవి. పాత గాజువాకలో తరతరముల కుటుంబములు కలవు. ఆటోనగర్‌లో మెకానిక్కులు, లారీ కార్మికులు కలరు. కర్మాగారము కొరకు భూములు వదలుకొన్న నిర్వాసితుల కాలనీలు అగనంపూడి, పెదగంట్యాడ వైపు ఉన్నవి. గంగవరము సముద్రపు ఒడ్డున మత్స్యకారులున్నారు.

వీరందరి చెవి ఒక్కటి కాదు. విజయనగరములో 1919లో వెలసిన సంగీత కళాశాల, ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు వంటి మహనీయుల వలన ఈ సీమకు శాస్త్రీయ సంగీత వారసత్వమునిచ్చినది. తప్పెటగుళ్ళు, జముకుల కథ ఉత్తరాంధ్ర పల్లెల సొత్తు. షిప్‌యార్డులో ఉద్యోగము చేసిన వంగపండు ప్రసాదరావు జానపద బాణీని ప్రజల వేదికలపై మ్రోగించినారు. 1963లో ప్రారంభమైన విశాఖపట్నము ఆకాశవాణి కేంద్రము ఈ గొంతులను ఇంటింటికి చేర్చినది. ఇట్టిచోట “సంగీతము” అను మాటకు ఒక్క అర్థమే ఉండునని భావించుట మా మొదటి పొరపాటు.

కావున ప్రాంతమును ఆరు భాగములుగా విభజించినాము: పాత గాజువాక, క్రొత్త గాజువాక, ఆటోనగర్ పరిసరములు, ఉక్కునగరము–కూర్మన్నపాలెము, నిర్వాసిత కాలనీలు, మల్కాపురము–తీరప్రాంతము. ప్రతి భాగములో వీథుల పేర్లు చీటీలపై వ్రాసి లాటరీ తీయుదుము. ఎంపికైన వీథిలో 120 ఇండ్లుండి మాకు 12 కావలసినచో, ప్రతి పదవ ఇల్లు చూడవలెను. మొదటి ఇల్లు ఏదన్నది ఒకటినుండి పదివరకు వేసిన చీటీ చెప్పును. మాకు తెలిసినవారి ఇల్లు, కుక్క లేని ఇల్లు, చల్లని మజ్జిగ ఇచ్చు ఇల్లు అని ఏరుకొనుటకు వీలులేదు.

తలుపు తట్టిన తరువాత ఎవరిని అడుగవలెను? ఏమియు అనుకొనకున్న ఇంటి యజమానియే ముందుకు వచ్చి అందరి తరపున జవాబు చెప్పును. అందుచేత ఇంట పదునైదేండ్లు దాటినవారి పేర్లకు బదులు సంఖ్యలు వ్రాసి, అచ్చటను చీటీ తీయవలెను. చీటీ అమ్మమ్మగారికి వచ్చినచో అమ్మమ్మగారినే అడుగవలెను. ప్రతి జట్టులో ఒక విద్యార్థి, ఒక విద్యార్థిని ఉందురు. కొన్ని ఇండ్లలో మా సోదరి లోపలికి పోయి “ఖాలా, ఒక్క పది నిమిషములు” అని కూర్చుండినగాని ఆ ఇంటి స్త్రీల మాట మాకు వినబడదు.

మరియొక విశేషము ఈ ఊరికే ప్రత్యేకమైనది: షిఫ్టులు. సాయంకాలము ఐదు గంటలకు మాత్రమే పోయినచో రెండవ షిఫ్టు కార్మికుడు ఎన్నటికి దొరకడు. ఉదయము పోయినచో రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాడు నిద్రలో నుండును. కావున తలుపు తీయని ఇంటికి మూడు వేర్వేరు వేళలలో, మూడు వేర్వేరు దినములలో పోవలెను. అప్పటికిని దొరకనివారిని ప్రక్క ఇంటితో పూరింపక, “దొరకలేదు” అని లెక్కలో చూపవలెను.

ఏమి అడుగవలెను?

మా మొదటి ప్రశ్నావళిలో తొలి ప్రశ్న “మీకు సంగీతమన్న ఇష్టమా?” అని ఉండెను. దీనికి లేదను మనిషి ఉండునా? రెండవ ప్రశ్న “మంచి సంగీత పత్రిక వచ్చినచో కొందురా?” మిత్రులను అడిగి చూచినాము, అందరును కొందుమన్నారు. మా మొగము చూచి కాదనలేక అన్నారని తరువాత తెలిసినది. ఆ రెండు ప్రశ్నలను కొట్టివేసినాము.

మనిషి రేపు ఏమి చేయుదునని చెప్పు మాటకంటె, నిన్న ఏమి చేసినాడను మాట నమ్మదగినది. అందుచేత ఇప్పుడు ఇట్లు అడుగుచున్నాము: నిన్న లేచినది మొదలు పరుండు వరకు ఏ ఏ వేళల పాట విన్నారు? దేనిపై విన్నారు? ఒంటరిగనా, నలుగురితోనా? గడచిన నెలలో ఏ పత్రిక చేతబట్టినారు? కొన్నదా, ఎరువు తెచ్చినదా, మంగలి దుకాణములో చదివినదా? గడచిన సంవత్సరములో సంగీతము కొరకు దేనికైనను డబ్బు వెచ్చించినారా? పాటను గూర్చి ఎవరినైనను ఏదైన అడిగి జవాబు దొరకని సందర్భము కలదా? ఈ చివరి ప్రశ్నయే మాకు అన్నిటికంటె విలువైనది. జవాబు దొరకని ఆ ప్రశ్నలలోనే పత్రిక యొక్క విషయసూచిక దాగియున్నది.

“ఎరువు తెచ్చినదా” అని అడుగుటకు కారణమున్నది. అమ్ముడైన ప్రతులు వేరు, చదివినవారు వేరు. మన దేశములో 1948లో ఏర్పడిన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ప్రతులను లెక్కించును. ఒక్కొక్క ప్రతిని ఎందరు చదువుదురో తెలిసికొనుటకు 1970లో జాతీయ పాఠక పరిశీలన మొదలైనది. టీ దుకాణపు బల్లపై పడియున్న ఒక్క ప్రతి సాయంకాలమునకు ఇరువది చేతులు మారవచ్చును. మా పత్రికను గూర్చి కమిటీవారు “ఎన్ని ప్రతులు?” అని అడిగినప్పుడు, “ఎందరు పాఠకులు?” అను ప్రశ్నకు కూడ జవాబు మావద్ద ఉండవలెను.

ఎవరి పేరును, ఫోను నెంబరును వ్రాసికొనము. ఏ ఇంటిలో ఏ పాట వినబడునో వీథికి చాటుట మా పని కాదు.

పలుకు ఒకటి, లిపి ఒకటి

ఇప్పుడు మాలో మాకు వాదము పెట్టిన విషయమునకు వచ్చుచున్నాము. పత్రికలో సగము పుటలు ఉర్దూ లిపిలో ఉండవలెనని మాలో కొందరి పట్టుదల. అది మా కళాశాల గౌరవమునకు సంబంధించినదని వారి భావము. కాని మా తరగతిలోనే, ఇంట ఉర్దూ మాటలాడుచు, ఖవ్వాలీ వినుచు కన్నులు చెమర్చు మిత్రులలో కొందరు ఆ లిపిని చదువలేరు. తెలుగు మాధ్యమములో చదివినవారు కనుక తెలుగు అక్షరమే వారికి దారి. ఇంకొకవైపు, ఉర్దూ ఇంట పుట్టని తెలుగు మిత్రులు గజల్ అర్థము తెలిసికొనవలెనని ఆరాటపడుచున్నారు. దాశరథి కృష్ణమాచార్యులు గాలిబ్ కవితను తెలుగులోనికి తెచ్చినారు, సి. నారాయణరెడ్డి తెలుగులోనే గజళ్ళు వ్రాసి గానము చేసినారు. కావున ఈ ఆరాటము క్రొత్తది కాదు.

జనాభా లెక్కలు మాతృభాషను, తెలిసిన ఇతర భాషలను మాత్రమే చెప్పును. మేము నాలుగు విషయములను విడివిడిగా అడుగవలెను: ఉర్దూ అర్థమగునా? మాటలాడుదురా? చదువుదురా? ఉర్దూ పాటను తెలుగు లిపిలో అచ్చు వేసి ప్రక్కన అర్థమిచ్చినచో చదువుదురా? నాలుగవదానికి “అవును” అను జవాబు విస్తారముగా వచ్చినచో, మా ఉర్దూ పుటల స్వరూపమే మారవలసి వచ్చును. అది మాలో కొందరి మనస్సుకు కష్టము కలిగింపవచ్చును. లిపిని నిలుపుకొనుట గొప్ప ఆశయమే. దానికి తరగతులు నడుపవచ్చును, పత్రికలో లిపి నేర్పు పుట ఒకటి ఉంచవచ్చును. కాని చదువలేని పుటను అచ్చువేసి గౌరవము నిలిపితిమనుకొనుట ఆ భాషకును, ఆ పాఠకునకును మేలు కాదు.

మాటకంటె రూపాయి

చివరి మెట్టు నమూనా సంచిక. ఎనిమిది పుటల చిన్న సంచికను సిద్ధపరచి, అడిగిన ఇండ్లలో కొన్నింట వదలి, వారము తరువాత మరల పోవుదుము. “బాగున్నదా?” అని అడుగము. “ఇందులో దేనిని గూర్చి ఇంట మాట్లాడుకొన్నారు?” అని అడుగుదుము. పుటలు విడదీయకుండ ఉన్న ప్రతి తనంతట తానే జవాబు చెప్పును.

వెలను గూర్చి కూడ ఇదే పద్ధతి. ఒక భాగమువారికి 20 రూపాయలని, మరియొక భాగమువారికి 30 అని, ఇంకొక భాగమువారికి 40 అని చెప్పి, మొదటి సంచికకు ముందుగానే చందా రసీదు వ్రాయుదుము. ఎక్కువ చెల్లించినవారికి మిగులును తిరిగి ఇచ్చుదుము. పత్రిక వెలువడనిచో మొత్తము పైకమును వాపసు చేయుదుము. నోటితో అన్న “కొందుము” కంటె చేతితో ఇచ్చిన రూపాయి నిజము చెప్పును.

అన్నిటికంటె ముఖ్యమైన నియమమును ఇప్పుడే, ఫలితములు రాకముందే, కమిటీవారి సమక్షమున వ్రాసి ఉంచదలచినాము. అచ్చు ఖర్చులో సగమైనను చందాల వలన రానిచో పత్రికను అచ్చువేయము. దానికి బదులు కళాశాలలో గోడపత్రికగా నడిపి, సంవత్సరము తరువాత మరల అడుగుదుము. ఫలితములు వచ్చిన తరువాత నియమము పెట్టుకొన్నచో, మా ఉత్సాహము ఏదో ఒక అంకెను తనకు అనుకూలముగా త్రిప్పుకొనును. ‘వద్దు’ అను జవాబునకు చోటులేని పరిశీలన పరిశీలన కాదు. ముందే చేసికొన్న నిర్ణయమునకు కట్టిన తోరణము.

ఈ పనికి ఇరువది జట్లు కావలెను. ఒక్కొక్క జట్టునకు ఇరువదిమూడు ఇండ్లు. సెలవు దినములలోను, సాయంకాలములందును తిరిగినచో నెల లోపల ముగియును. సంగీతము రానివారును రావచ్చును. ఓపికగా వినుట వచ్చిన చాలును. కమిటీవారిని మేము కోరునది ప్రస్తుతము ప్రశ్నావళుల కాగితము, నమూనా సంచిక ఖర్చు మాత్రమే.

పేరు మాట ఇంకను తేలలేదు. సోమలింగమునకు తొందరలేదు, ముందు తలుపులు తట్టివచ్చెదము.